రెండో ఆదివారం, నాలుగో ఆదివారం: ఫౌజీ తండ్రి పాపను చూసే రోజులు కోర్టులో ఎలా అడగాలి?

హవల్దార్_సిక్కోలు | 17 ఆగస్టు 2025

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా. సైన్యంలో హవల్దారుగా పనిచేస్తున్నాను, ప్రస్తుతం లద్దాఖ్ వైపు ఫీల్డులో ఉన్నాను. నేనూ నా భార్యా రెండేళ్లుగా విడిగా ఉంటున్నాము, విడాకుల కేసు నడుస్తోంది. మాకు ఆరేళ్ల పాప ఉంది. పాప వాళ్ల అమ్మ దగ్గరే పెరుగుతోంది, అందుకు నాకు అభ్యంతరం లేదు. నా ఉద్యోగంలో పాపను దగ్గర పెట్టుకుని పెంచలేనని నాకు తెలుసు కనుక కస్టడీ అడగలేదు, చూడనిస్తే చాలన్నాను.

పోయిన ఏడాది కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి నెలా రెండో ఆదివారం, నాలుగో ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు, పాప ఉండే ఊరిలోని ఒక పార్కులో కలవవచ్చని అందులో రాశారు. ఊళ్లో ఉద్యోగం చేసుకునే తండ్రికైతే అది మంచి ఉత్తర్వే. నాకు మాత్రం దానివల్ల ఒరిగింది చాలా తక్కువ. మొన్న శీతకాలంలో ముప్పై రోజుల లీవు మీద వచ్చినప్పుడు రెండో ఆదివారం ఒకటి, నాలుగో ఆదివారం ఒకటి పడ్డాయి. నెల రోజులు అదే జిల్లాలో ఉండి కూడా నేను నా కూతురితో గడిపింది ఆరు గంటలు. మే నెలలో మళ్లీ లీవు మంజూరైంది కానీ, ఆపరేషన్ సిందూర్ రావడంతో రద్దయింది. ఆ హడావిడిలో ఇంటికి కబురు చెప్పే వీలు చిక్కలేదు. వాళ్ల అమ్మ పాపను తీసుకుని పార్కుకు వచ్చి, గంటన్నర కూర్చుని వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. ఇప్పుడు అదే విషయాన్ని కౌంటరులో (కోర్టుకు ఇచ్చిన జవాబులో) రాశారు, తండ్రికి శ్రద్ధ లేదని.

ఈ ఉత్తర్వును మార్చమని అడగవచ్చా? అడిగితే ఏమని అడగాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

గుంటూరు_వకీలు | 17 ఆగస్టు 2025

తమ్ముడూ, తప్పకుండా అడగవచ్చు. పిల్లల విషయంలో ఇచ్చే ఏ ఉత్తర్వూ రాతి మీద చెక్కినది కాదు. విడాకుల కేసు నడుస్తుండగా హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లల గురించి ఎప్పటికప్పుడు ఉత్తర్వులు ఇచ్చే, మార్చే అధికారం కోర్టుకు ఉంది. మీ లాయరు గారు అదే కేసులో ఒక ఐ.ఏ. (నడుస్తున్న కేసులోనే వేసే మధ్యంతర దరఖాస్తు) వేసి, పరిస్థితులను వివరించి, సవరణ కోరితే సరిపోతుంది. కొత్త కేసు అవసరం లేదు.

అసలు చిక్కు ఎక్కడ ఉందో నా అనుభవం మేరకు చెబుతాను. మన ఫ్యామిలీ కోర్టులలో విజిటేషన్ ఉత్తర్వులు చాలావరకు ఒక అచ్చులో పోసినట్టు వస్తాయి, ఎందుకంటే పిటిషన్లు కూడా అలాగే వస్తున్నాయి. "వారానికి ఒకసారి లేదా కోర్టువారు సబబని తలచిన విధంగా" అని పిటిషన్‌లో రాస్తే, న్యాయమూర్తి తనకు అలవాటైన రెండో ఆదివారం, నాలుగో ఆదివారమే ఇస్తారు. సైనికుడి క్యాలెండరు ఆదివారాల మీద నడవదు, లీవు మీద నడుస్తుంది. ఆ మాట పిటిషన్‌లో ఎవరో ఒకరు రాయకపోతే న్యాయమూర్తికి తెలిసే దారి లేదు.

కనుక మీరు అడగవలసింది ఆదివారాలు కాదు, లీవు రోజులు. లీవు మంజూరైన ఇన్ని రోజులలోగా అవతలి పక్షానికి రాతపూర్వకంగా తెలియజేస్తాననీ, ఆ లీవులో ఫలానా రోజులు, ఫలానా వేళల్లో పాపను కలుస్తాననీ, లీవు రద్దయితే ఆ రోజులు తర్వాతి లీవులో కలపాలనీ అడగండి. దానికి తోడు వీడియో కాల్ అడగండి. 2020 జనవరిలో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాలలోనో దేశాలలోనో ఉన్నప్పుడు చూసే హక్కుతో పాటు మాట్లాడే హక్కు కూడా ముఖ్యమేననీ, ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప, కస్టడీ లేని తల్లి లేదా తండ్రి రోజూ ఐదు నుంచి పది నిమిషాలు బిడ్డతో మాట్లాడగలగాలనీ, అందుకు వీడియో కాల్ అన్నిటికన్నా మంచి సాధనమనీ అందులో ఉంది. ఆ తీర్పును జతచేయండి.

మాజీ_సుబేదార్_మాధవరం | 18 ఆగస్టు 2025

జైహింద్ బాబూ. నేను తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వాడిని. మా ఊరిని అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, ఇంటికొక ఫౌజీ ఉన్న ఊరు. ఇరవై ఎనిమిదేళ్లు చేసి వచ్చాను, ఇలాంటి తగాదాలు కంపెనీలో చాలా చూశాను.

మొదట ఒక మాట. జవానుకు ఏడాదికి అరవై రోజుల యాన్యువల్ లీవు, ముప్పై రోజుల క్యాజువల్ లీవు కాగితం మీద ఉంటాయి. అవి ఎప్పుడు దొరుకుతాయో చెప్పడం ఎవరి తరమూ కాదని న్యాయమూర్తి గారికి ఊరికే నోటితో చెబితే సరిపోదు. యూనిట్ నుంచి రాయించుకుని పెట్టాలి. మీ కమాండింగ్ ఆఫీసరుకు దరఖాస్తు పెట్టుకుని, ఫలానా తేదీల మధ్య లీవు మంజూరైందనీ, ఫలానా తేదీన సైనిక అవసరాల రీత్యా రద్దయిందనీ ఒక సర్టిఫికెట్ తీసుకోండి. స్టేషన్ పేరు వగైరా అందులో రాయరు, రాయనక్కరలేదు. మే నెలలో లీవు రద్దయిన సంగతికి ఆ ఒక్క కాగితమే జవాబు.

రెండోది, 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్ అని ఒకటి ఉంది. ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడు కోర్టుకు రాలేనప్పుడు, అధికారి ధ్రువపత్రం మీద విచారణ వాయిదా పడేలా అది కాపాడుతుంది. చాలామంది కుర్రాళ్లు దాన్ని పట్టుకుని వాయిదా మీద వాయిదా అడుగుతారు. భూమి తగాదా అయితే సరే, భూమి ఎక్కడికీ పోదు. పాప సంగతి అలా కాదు. నాలుగు వాయిదాలు పడితే పాపకు ఒక ఏడు పెరుగుతుంది. ఆ చట్టాన్ని ఎక్స్‌పార్టీ (మీరు లేకుండానే ఇచ్చే) ఉత్తర్వు రాకుండా ఆపుకోవడానికి వాడండి, మీ సొంత పిటిషన్‌ను మీరే ఆలస్యం చేసుకోవడానికి వాడకండి.

మూడోది, లాయరు ఫీజు ఇబ్బందైతే మీ ఇంట్లో ఎవరినైనా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపండి. నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) వారు మొన్న జూలై 26న వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించారు. సైనికులకు, వారి కుటుంబాలకు సైనిక బోర్డుల ద్వారా ఉచిత న్యాయ సహాయం అందించడం దాని ఉద్దేశం.

బాబు_అమ్మ | 18 ఆగస్టు 2025

నేను అవతలి వైపు మనిషిని. నా భర్త కూడా సైన్యంలోనే ఉన్నారు, మూడేళ్లుగా విడిగా ఉంటున్నాము. మా బాబుకు ఏడేళ్లు. అన్నగారి బాధ నాకు అర్థమైంది, కానీ ఈ చర్చలో ఇప్పటివరకు రాని ఒక విషయం చెప్పాలని రాస్తున్నాను.

మా ఉత్తర్వులో రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు వీడియో కాల్ అని ఉంది. బాబు ఎనిమిదింటికే అన్నం తినేసి, తల దువ్వించుకుని, ఆ రోజు బడిలో వేసిన బొమ్మ కాగితాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని ఫోను ముందు కూర్చుంటాడు. నెట్‌వర్క్ ఉన్న రోజు కాల్ వస్తుంది. లేని రోజు తొమ్మిదిన్నర దాకా అలాగే కూర్చుని, ఆ కాగితం అక్కడే పెట్టి నిద్రపోతాడు. మరుసటి రోజు ఆ బొమ్మ చూపించరా అంటే, అది నిన్నటిది అంటాడు. ఆయన తప్పు లేదని నాకు తెలుసు. ఏడేళ్ల పిల్లవాడికి ఆ సంగతి ఏమని చెప్పను?

లీవు సంగతీ అంతే. మొదటి ఏడాది ఆయన చెప్పకుండా వచ్చి, పది రోజులు వాళ్ల ఊరికి తీసుకుపోతానన్నారు. అప్పటికి బాబు ఆయనను చూసి ఎనిమిది నెలలైంది. మొదటి రాత్రి అక్కడ ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంటే, పంపడం ఇష్టం లేక నేనే నేర్పించానని వాళ్లు అన్నారు. నేనేమీ నేర్పలేదు. ఆ వయసు పిల్లలకు ఎనిమిది నెలలంటే ఎంతో కాలం, మళ్లీ చేరువ కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి అన్నగారూ, లీవు రోజులు అడగండి, కానీ మొదటి రెండు రోజులు పాప ఉండే ఊరిలోనే, పగటి పూట మాత్రమే కలిసేలా, ఆ తర్వాతే రాత్రి ఉండేలా మీరే అడగండి. పరీక్షల వారం వదిలేయండి. అలా అడిగితే ఏ తల్లీ కాదనలేదు, కాదన్నా కోర్టు వినదు.

హవల్దార్_సిక్కోలు | 21 ఆగస్టు 2025

అక్కా, మూడు రోజులుగా సిగ్నల్ లేక ఇప్పుడే చదివాను. ఆ బొమ్మ కాగితం గురించి చదివాక ఇంకేమీ రాయలేక కాసేపు ఆగాను. మొన్న లీవులో పార్కులో జరిగింది చెబుతాను. పాప ఊయల దిగి వచ్చి, "మీరు ఎప్పుడు వెళ్తారు?" అని అడిగింది. నేను వెళ్లిపోవాలని అడుగుతోందనుకుని మనసు చివుక్కుమంది. ఇప్పుడు మీ మాటలు చదివితే, ఎన్ని రోజులు ఉంటానో లెక్క వేసుకోవడానికి అడిగి ఉంటుందని అనిపిస్తోంది. అప్పుడు నేను సమాధానం చెప్పలేదు.

ఇంకొక సందేహం. నా జీతంలోంచి భరణం నేరుగా కోసి పంపుతున్నారు. డబ్బు ఆగకుండా వెళుతున్నప్పుడు పాపను చూపించే విషయంలో దాన్ని గట్టిగా అడగవచ్చా?

గుంటూరు_వకీలు | 21 ఆగస్టు 2025

వద్దు తమ్ముడూ, ఆ రెండింటినీ కలపకండి. ఆర్మీ యాక్ట్ కింద భార్యాబిడ్డల పోషణకు జీతంలో కోత విధించే అధికారం సైన్యానికి ఉంది. ఆ డబ్బు పాప తిండికి, చదువుకు వెళుతుంది, చూపించినందుకు ఇచ్చే రుసుము కాదు. డబ్బు ఇస్తున్నాను కనుక చూపించాలి అని మీరంటే, డబ్బు ఆగిన నెల చూపించనక్కరలేదని అవతలివారు అనడానికి మీరే తోవ ఇచ్చినట్టవుతుంది. క్రమం తప్పకుండా చెల్లిస్తున్నట్టు ఒక్క వాక్యం అఫిడవిట్‌లో రాసి వదిలేయండి.

ఆ చెల్లెమ్మ చెప్పినది మాత్రం యథాతథంగా పిటిషన్‌లోకి ఎక్కించండి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా పైది. తండ్రే ముందుగా "నా లీవు ఇన్ని రోజులైనా, పాప అలవాటు పడేదాకా నెమ్మదిగా పెంచండి" అని అడిగితే, ఆ పిటిషన్ చదివే న్యాయమూర్తి దృష్టి వేరుగా ఉంటుంది. కాల్ విషయంలో కూడా రోజూ ఎనిమిదిన్నర అని రాయకండి. వారానికి ఇన్ని కాల్స్ అని రాసి, నెట్‌వర్క్ లేని చోట రికార్డు చేసిన వాయిస్ మెసేజ్ పంపితే అమ్మ వినిపించాలి అని కలపండి. పాప కూర్చుని ఎదురుచూసే వేళ ఒకటి ఉండకపోవడమే మేలు.

నర్సింగ్_ఆఫీసర్ | 23 ఆగస్టు 2025

ఈ చర్చంతా తండ్రి ఫౌజీ అన్న లెక్కలోనే సాగుతోంది. నేను మిలిటరీ నర్సింగ్ సర్వీసులో అధికారిని, తల్లిని. మా పాప నా దగ్గర ఉంటుంది, కస్టడీ కోసం ఆమె తండ్రి కేసు వేశారు. ఆయన వాదన ఒకటే: తల్లికి రెండు మూడేళ్లకొకసారి బదిలీ, ఎప్పుడు ఎక్కడికి పంపుతారో తెలియదు, కనుక బిడ్డకు స్థిరత్వం లేదు. బదిలీ అయిన ప్రతి చోటా కేంద్రీయ విద్యాలయం ఉంది, క్వార్టరు ఉంది, పక్కింట్లో అదే యూనిఫాం వేసుకునే ఇంకో తల్లి ఉంది. అది స్థిరత్వం కాదని ఎలా అంటారు?

ఫీల్డు పోస్టింగు వస్తే ఆ కొద్ది కాలం పాప మా అమ్మ దగ్గర ఉండాలని కోరాను. నేను ఊళ్లో లేను కదా అని ఆయన అదే సమయంలో పాపను శాశ్వతంగా అడిగారు. దేశం పంపిన చోటికి వెళ్లిన కారణంగా బిడ్డ చేజారకూడదన్న నియమం మన చట్టంలో ఎక్కడైనా ఉందా, వకీలమ్మా?

డాలస్_తెలుగు | 24 ఆగస్టు 2025

మేడమ్, మీరు అడిగిన నియమం ఇక్కడ అమెరికాలో ఉంది. నేను మావ్ని (కీలక నైపుణ్యాలున్న విదేశీయులను చేర్చుకున్న) పథకం కింద అమెరికా సైన్యంలో చేరి కొన్నేళ్లు పనిచేశాను. చదువుకోవడానికి వచ్చిన తెలుగువారు కొందరు ఆ దారిన చేరారు. మా యూనిట్‌లో ఒక సార్జెంటుకు మీలాంటి కేసే నడిచింది కనుక కొంత తెలుసు.

సర్వీస్ మెంబర్స్ సివిల్ రిలీఫ్ చట్టం ప్రకారం, విధుల వల్ల హాజరు కాలేని సైనికుడు కోరితే కోర్టు కనీసం 90 రోజులు విచారణ ఆపాలి. పిల్లల కస్టడీ కేసులకూ అది వర్తిస్తుందని 2008లో స్పష్టం చేశారు. 2014 చివరలో ఇంకొక సెక్షన్ చేర్చారు. సైనికుడు డిప్లాయ్‌మెంటు (విధుల కోసం దూరం పంపడం) మీద వెళ్లాడన్న ఒక్క కారణంతో కస్టడీని శాశ్వతంగా మార్చకూడదు. వెళ్లిన కాలానికి తాత్కాలిక ఉత్తర్వు ఇస్తే, అది ఆ డిప్లాయ్‌మెంటుకు అవసరమైనంత కాలమే ఉండాలి.

దానితో పాటు 2012లో తయారైన ఒక నమూనా చట్టాన్ని కొన్ని రాష్ట్రాలు ఆమోదించాయి. నాకు అందులో నచ్చినదేమిటంటే, దూరం వెళ్లిన తండ్రి లేక తల్లి స్థానంలో, బిడ్డకు చనువున్న తాతయ్యో అమ్మమ్మో పిన్నో ఆ బిడ్డతో సమయం గడిపేలా కోర్టు అనుమతించవచ్చు. మనిషి లేకపోయినా ఆ ఇంటివాళ్లతో బంధం తెగకుండా ఉంటుంది.

గుంటూరు_వకీలు | 24 ఆగస్టు 2025

నర్సింగ్ ఆఫీసరు గారూ, 2014 నాటి ఆ సెక్షన్ లాంటిది మన చట్టంలో విడిగా లేదు. మన దగ్గర ఉన్నది సంక్షేమ సూత్రం, దాని కిందే మీ వాదన వినిపించాలి. ఉద్యోగం స్వభావం ఒక్కటే చూసి తల్లి అనర్హురాలనడం సంక్షేమ సూత్రానికి సరిపోదని మీ లాయరు వాదించవచ్చు. బడి రికార్డు, టీకాల కార్డు, మీ అమ్మగారి అఫిడవిట్ పెట్టండి. ఇది మన పార్లమెంటు చేయవలసిన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2015లో లా కమిషన్ 257వ నివేదికలో ఉమ్మడి పెంపకం గురించి, పిల్లలను కలిసే ఏర్పాట్ల గురించి వివరంగా సిఫార్సులు చేసింది. పదేళ్లు దాటినా ఆ నివేదిక చట్టం కాలేదు.

తాతయ్య_ఒంగోలు | 26 ఆగస్టు 2025

డాలస్ బాబు చెప్పింది మేము ఇక్కడే చేశాము కనుక రాస్తున్నాను. మా అబ్బాయి బి.ఎస్.ఎఫ్.లో ఉన్నాడు. ఉత్తర్వులో ఆదివారాలు వచ్చాయి, వాడు రాలేడు. మా లాయరు గారు తండ్రి రాలేని ఆదివారం తాత, నాయనమ్మ కలవడానికి అనుమతించమని అడిగారు. అది మా హక్కు అని చట్టంలో లేదన్నారు, దయతో ఇవ్వవచ్చన్నారు. కోడలు మొదట ఒప్పుకోలేదు. కోర్టు కౌన్సెలరు ముందు నేనే చెప్పాను, "అమ్మా, కేసు సంగతి ఒక్క మాట మాట్లాడను, పిల్లవాడిని ఏదీ అడగను, రెండు గంటలు కూర్చుని వస్తాను" అని.

ఏడాదిన్నరగా వెళుతున్నాము. మా ఆవిడ జంతికలు చేసి డబ్బాలో పెడుతుంది. మనవడు సగం తిని, సగం "ఇవి నాన్నకు" అని తిరిగి ఇస్తాడు. అవి మెత్తబడిపోతాయని తెలిసినా వాడు లీవుకు వచ్చేదాకా డబ్బా మూత తీయనివ్వను. పోయిన లీవులో మా అబ్బాయి మొదటి రోజు కలిసినప్పుడు పిల్లవాడు వెనక్కి జరగలేదు. హవల్దారు బాబూ, మీ అమ్మానాన్నలను అడగండి, ఆదివారాలు వాళ్లకు ఇప్పించండి.

హవల్దార్_సిక్కోలు | 27 ఆగస్టు 2025

పెద్దాయనా, మా నాన్న గారు లేరు. అమ్మ ఒక్కతే ఉంది, పాప పుట్టినప్పుడు ఆరు నెలలు తనే స్నానం చేయించింది. రాత్రి అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "ఏ బస్సు ఎక్కాలో చెప్పు" అంది.

హవల్దార్_సిక్కోలు | 21 డిసెంబరు 2025

అందరికీ నమస్కారం. నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను. సెప్టెంబరులో ఐ.ఏ. వేశాము. సి.ఓ. (కమాండింగ్ ఆఫీసరు) సాబ్ సర్టిఫికెట్ ఇచ్చారు. ఒక వాయిదాకు కోర్టువారు నన్ను వీడియోలో హాజరు కానిచ్చారు. యూనిట్ ఆఫీసులో నెట్‌వర్క్ పట్టే మూల వెతుక్కుని కూర్చున్నాను. ఈ నెల మొదటి వారంలో ఉత్తర్వు వచ్చింది.

అడిగినవన్నీ రాలేదు. లీవులో పదిహేను రోజులు అడిగితే పది రోజులు ఇచ్చారు, మొదటి మూడు రోజులు పగలు మాత్రమే, ఆ తర్వాత పాప ఇష్టపడితే రాత్రులు. పరీక్షల సమయంలో వద్దన్నారు. లీవు తేదీలు పది రోజుల ముందు తెలపాలి, రద్దయితే వెంటనే మా అమ్మ ద్వారా అయినా కబురు చేయాలి. వారానికి మూడు వీడియో కాల్స్, వీలు కాని రోజు వాయిస్ మెసేజ్. రద్దయిన రోజులు తర్వాతి లీవులో కలపడానికి మాత్రం అప్పుడే ఒప్పుకోలేదు, అవసరమైతే మళ్లీ పిటిషన్ వేసుకోమన్నారు. నెలలో ఒక ఆదివారం మా అమ్మకు ఇచ్చారు. పోయిన ఆదివారమే మొదటిసారి వెళ్లింది. పాప గుర్తుపట్టలేదట. అమ్మ నొచ్చుకోలేదు, పక్కన కూర్చుని వచ్చింది. వచ్చే నెల మళ్లీ వెళతానంది.

జనవరి మూడో వారం నుంచి లీవు మంజూరైంది. నోటీసు స్పీడ్ పోస్టులో పంపాను, తేదీల లెక్క కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పాపకు విడిగా పంపాను, ఈసారి ఎన్ని రోజులు ఉంటానో ముందే తెలియాలని. బాబు అమ్మ అక్కను ఒక్కటి అడగాలి. పాపకు బూట్లు కొనాలని ఉంది, పాదం కొలత నాకు తెలియదు. చండీగఢ్‌లో దిగి కొనడమా, అక్కడికి వచ్చాక కొనడమా?

బాబు_అమ్మ | 21 డిసెంబరు 2025

ముందే కొనకండి అన్నగారూ, ఈ వయసులో పాదం త్వరగా పెరుగుతుంది. మొదటి మూడు రోజులు పగటి పూట ఏం చేయాలా అని మీరు కంగారు పడుతూ ఉంటారు, అందులో ఒక పూట చెప్పుల షాపుకు తీసుకెళ్లండి. ఏ రంగు కావాలో ఈ రాత్రి కాల్‌లో అడిగి ఉంచండి.